మూడో అధ్యాయంలో వంపు

పీహెచ్‌డీ ఆరో ఏట "థీసిస్ ఎంతవరకు వచ్చింది?" అని ఎవరడిగినా నాకు ఒళ్లు మండేది. మూలకుళంలో నేను అద్దెకుంటున్న మేడగది కింద ఇంటావిడ రోజూ అడిగేది. వాళ్లు తరాలుగా పుదుచ్చేరిలో ఉన్న తెలుగువాళ్లు. ఇంట్లో మాట తెలుగే, అక్షరాలు మాత్రం రావు. నేను యానాం నుంచి వచ్చినదాన్ని. ఆమెను అత్తా అని పిలిచేదాన్ని.

నా పని ఒక చిన్న స్ఫటికంతో. చిటికెన వేలి గోరులో సగం కూడా ఉండదు. లోపలంతా పొరలు. ద్రవ నైట్రోజన్‌తో చల్లబరుస్తూ పోతే, ఒక ఉష్ణోగ్రత దగ్గర అందులో కరెంటుకు అడ్డే లేకుండా పోతుంది. అంతకు కాస్త పైన ఏ పొర గొడవ ఆ పొరదే. ఇంకా దగ్గరికొస్తే పొరలన్నీ కూడబలుక్కున్నట్టు ఒక్కటవాలి. అక్కడ గ్రాఫులో గీత వంగాలి. నా గీత వంగింది. మూడో అధ్యాయమంతా ఆ వంపు మీదే రాశాను. నెలలో థీసిస్ ఇచ్చేస్తే ఆ కిటికీ లేని ల్యాబ్ నుంచి బయటపడతాను. అప్పట్లో నాకు కావాల్సింది అదొక్కటే.

పీడ ఏమిటంటే, ఆ వంపు ఒక్కోసారి ఒక్కోచోట వచ్చేది. ఎందుకో తెలిసేది కాదు. ఓ సాయంత్రం మెట్ల దగ్గర అత్త అడిగితే, "దశ మార్పు దగ్గర ఇరుక్కుపోయానత్తా" అన్నాను. మా శాస్త్రంలో దాని పేరే అది.

"ఏ దశ పాపా? శనా?"

వివరించే ఓపిక లేక ఊఁ కొట్టాను. పుట్టిన వేళ అడిగితే అదీ చెప్పాను. రెండు రోజుల తర్వాత ఆమె ఊళ్లోనే సారం అనే పేటకు వెళ్లి జోస్యుణ్ని కలిసి వచ్చింది.

"నువ్వు రెండు దశల సందులో ఉండావంట. దేనికీ అవసరపడొద్దన్నాడు."

"అవసరం లేకపోతే నేనిక్కడ ఎందుకుంటానత్తా?"

"అట్ల గాదు పాపా. అవసరపడొద్దంటే బిరబిరా చెయ్యొద్దని. మెల్లంగా చెయ్యి."

తమిళంలో అవసరం అంటే తొందర. ఆరేళ్లున్నా నాకది తట్టలేదు. నవ్వుకుంటూ బస్సెక్కాను. సగం దారిలో నవ్వు ఆగిపోయింది. ల్యాబ్‌లో నైట్రోజన్ మా వంతుకు రోజుకు ఒక్క పూటే దొరికేది. అందుకని నేనెప్పుడూ గబగబా చల్లబరిచేదాన్ని. స్ఫటికం ఒక చోట, థర్మామీటరు ఇంకో చోట. అంత వేగంలో రెండూ ఒకే ఉష్ణోగ్రతలో ఉన్నాయని ఎవరు చెప్పారు?

పక్క బృందాన్ని బతిమాలి రెండు రోజులు వాళ్ల వంతు కూడా తీసుకున్నాను. పావు వేగంతో చల్లబరిచాను. వంపు లేదు. మర్నాడు మళ్లీ చేశాను. లేదు. పొరలు ఒక్కటైన గుర్తని నేను మురిసిపోయింది నా తొందరను చూసుకుని. కుర్చీలో కూలబడ్డాను.

రెండు గ్రాఫులూ తీసుకెళ్లి మా గైడు ముందు పెట్టాను. ఆయన చాలాసేపు చూసి, "ఈ స్లో రన్ ఇంకెవరైనా చూశారా?" అని అడిగారు.

"లేదు సార్."

ఆ కాగితాన్ని బోర్లించి నా వైపు జరిపారు. "ఇది నాకు చూపిస్తే మళ్లీ మొదటి నుంచి చేయాలి. ఇంకో ఏడాదో, రెండో. చూపించకపోతే వచ్చే నెల సబ్మిట్ చేస్తావు. నేనింకా ఏమీ చూడలేదు."

తిట్టి ఉంటే బాగుండేది. చూపించొద్దని శాసించినా, తప్పు ఆయన మీద నెట్టేసి వెళ్లిపోయేదాన్ని. తలుపు బార్లా తెరిచి పక్కకు నిలబడ్డాడు మహానుభావుడు. ఆ క్షణంలో ఆయన్ని అసహ్యించుకున్నాను. వెళ్లిపోవాలని నాకెంత ఆశగా ఉందో ఆయనకు తెలుసు.

కాగితం తిప్పి ఆయన ముందే పెట్టాను. ఆఫీసుకెళ్లి గడువు పొడిగింపు ఫారం తెచ్చాను. కారణం అన్న గడిలో "ఫలితం తప్పు" అని రాసి, నిజాయితీపరురాలిననే గర్వం ఇసుమంతైనా లేకుండా, బడి అయ్యాక కూడా ఇంటికి పోనివ్వని పిల్లలా వెక్కి వెక్కి ఏడ్చాను.