నేను ఆర్పిన హారతి

మొన్న శనివారం మా కారు ఫ్యూయల్ పంపు పోయింది. మెకానిక్ ఇంటికే వచ్చి, పోర్టికోలో కారు వెనక సీటు ఎత్తి, దాని కిందున్న రేకు మూత విప్పాడు. గుప్పుమని పెట్రోలు వాసన వంటింటి దాకా కొట్టింది. అంతే, నేను స్టవ్వు కట్టేసి దేవుడి గదిలోకి ఒకటే పరుగు. వెలుగుతున్న దీపాన్ని పువ్వుతో నొక్కేశాను, అగరొత్తిని తీసుకెళ్ళి పూలకుండీ మట్టిలో గుచ్చేశాను. మా ఆయన పేపరు దించి, "మళ్ళీ మొదలెట్టావా?" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. కుడి అరచెయ్యి చురుక్కుమంది.

ఇరవై ఏళ్ళ కిందటి మాట. అప్పటికి నాకు పెళ్ళయి ఆరు నెలలు. మాది తెనాలి వైపు, ఆదివారం వస్తే చర్చికి వెళ్ళే కుటుంబం. నేను రాయపూర్‌లో ఒక ఆసుపత్రిలో నర్సుగా చేస్తుండేదాన్ని. మా ఆయన వాళ్ళది శ్రీకాకుళం నుంచి వచ్చి ఇక్కడే పాతుకుపోయిన రైల్వే కుటుంబం. అత్తయ్యగారు కొడుకు ఇష్టాన్ని కాదనలేక పెళ్ళికి ఒప్పుకున్నారు గాని, దేవుడి గది గడప మాత్రం నన్ను దాటనివ్వలేదు. తిట్టలేదు, మొహం ముడుచుకోలేదు. నేను అటు అడుగు వేస్తే చాలు, "నీకెందుకమ్మా కష్టం, నాను సూసుకుంతాన్లే" అనేవారు. అంత మర్యాదగా మనిషిని గడప బయట నిలబెట్టడం ఆవిడకే చెల్లింది. ఆ మర్యాద నన్ను తిట్టుకంటే ఎక్కువ ఏడిపించేది. ఎలాగైనా ఆ ఇంటి మనిషిని అనిపించుకోవాలని ఆరు నెలలుగా నా తాపత్రయం.

మామయ్యగారు డీజిల్ షెడ్డులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. రిటైరయ్యాక సరదాపడి ఒక సెకండ్ హ్యాండ్ పెట్రోలు కారు కొన్నారు. జనాన్ని మాడ్చి చంపే ఆ తొమ్మిది రోజుల నౌతపా ఎండల్లో, అభన్‌పూర్ నుంచి వస్తుంటే అది దారిలో ఆగిపోయింది. ట్రాక్టరుకు తాడు కట్టి ఇంటికి లాక్కొచ్చారు. చూసిన మెకానిక్ పంపు పోయిందనీ, షాపులో వదిలెయ్యమనీ అన్నాడు. మామయ్యగారికి చిర్రెత్తుకొచ్చింది. "రైలింజన్లు ఇప్పినోణ్ణిరా నాను! ఈ అగ్గిపెట్టెకి మిస్త్రీ ఎందుకూ?" అని కొత్త పంపు తానే కొనుక్కొచ్చారు.

ఆయన పని చూడ్డానికి ముచ్చటగా ఉండేది, అది ఒప్పుకోవాలి. పాత న్యూస్‌పేపరు పరిచి, విప్పిన ప్రతి స్క్రూనీ విప్పిన వరుసలోనే పేర్చేవారు. వడగాలి కొట్టకుండా పోర్టికో చుట్టూ తడి గోనెపట్టాలు కట్టించారు. చమురు కారుతున్న పాత పంపును ఒక ప్లాస్టిక్ టబ్బులో పెట్టి, అందులో కారిన పెట్రోలుతోనే చేతులు కడుక్కున్నారు, షెడ్డులో డీజిల్‌తో కడుక్కున్నట్టు. షెడ్డులో ఇంకో ఆచారం కూడా ఉండేదట. మరమ్మతు అయిన ఏ ఇంజనూ హారతి ఇవ్వకుండా బయటికి కదలదు. కొత్త పంపు ట్యాంకులోకి దింపగానే, మూత ఇంకా బిగించకుండానే, "ఏమేవ్, హారతి తే! తాళం తిప్పాల" అని లోపలికి కేకేశారు.

సరిగ్గా అప్పుడే నేను పగటి డ్యూటీ దిగి గేటు తీశాను. గోనెపట్టా పక్కకి తొలగించగానే పెట్రోలు ఆవిరి ముక్కులో సూదిలా దిగింది. తల తిరిగింది. కారు తలుపులన్నీ బార్లా తీసి ఉన్నాయి, టబ్బు తలుపు కింద ఉంది. ఇంట్లోంచి అత్తయ్యగారు కొంగు నడుముకి దోపుకుని, పళ్ళెంలో కొబ్బరికాయ, వెలుగుతున్న కర్పూరం పెట్టుకుని, గడప మీద కాలు పెడుతున్నారు. బాబోయ్! అరిచి చెప్పే వ్యవధి లేదు. ఒక్క అంగలో వెళ్ళి పళ్ళెం పట్టుకుని మండుతున్న కర్పూరం మీద నా అరచేతిని వేసి అదిమేశాను.

కొబ్బరికాయ దొర్లుకుంటూ కూలర్ కిందికి పోయింది. గోడ అవతలి నుంచి పక్కింటి ఛత్తీస్‌గఢీ ఆవిడ "కా హోగే దీదీ?" అని, ఏమైందంటూ తల పెట్టింది, అత్తయ్యగారి మొహం చూసి గభాల్న వెనక్కి తగ్గింది. ఆ ఇంట్లో దీపం ఆరిపోయిందని నోటితో కూడా అనరు, కొండెక్కిందంటారు. అలాంటి ఇంట్లో, ఆవిడ చేతిలో ఉన్న హారతిని, చర్చికి వెళ్ళే కోడలు పట్టుకుని ఆర్పేసింది!

"మా దేవుడు నీకంత కానోడయిపోనాడేటమ్మా?" అన్నారు అత్తయ్యగారు. కోపం కూడా లేదు ఆ గొంతులో. పళ్ళెం అక్కడే వదిలేసి, దేవుడి గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నారు.

నేను టబ్బు వైపు చూపించి, "పెట్రోలు మామయ్యగారూ..." అన్నాను. ఆయన కంగారుగా, "పెటోలయితే ఏటమ్మా? ముప్పయ్యేళ్ళు డీజిల్ బకెట్టు పక్కన కూకుని బీడీలు కాల్సినాం. ఎప్పుడేనా అంతుకుందా?" అన్నారు. "డీజిల్ వేరు, ఇది వేరు. దీని ఆవిరే అంటుకుంటుంది. అలా కాలినవాళ్ళకే నేను కట్లు కట్టేది" అన్నాను. ఇక నిలబడలేక మెట్టు మీద కూలబడి ఏడ్చేశాను. చేతి మంటకి కాదు. ఆరు నెలల నా తాపత్రయం ఆ కర్పూరంతోపాటే పోయింది.

మామయ్యగారు ట్యాంకు మూత బిగించి, టబ్బులోంచి ఒక డబ్బా మూతెడు పెట్రోలు తీసుకుని, ఎదురుగా ఉన్న ఖాళీ స్థలం చివరికి నడిచారు. మూత నేల మీద పెట్టి, పొడుగాటి వెదురు కర్ర చివర గుడ్డ చుట్టి వెలిగించి, దూరం నుంచి చాచారు. కర్ర ఇంకా మూరెడు ఎడంగా ఉంది. భగ్గుమంది! ముప్పయ్యేళ్ళు ఇంజన్లతో వేగిన మనిషి కర్ర వదిలేసి వెనక్కి పడ్డారు.

ఆయన లేచి గబగబా ఇంట్లోకి వచ్చారు. మూసిన తలుపు ముందు నిలబడి, "ఒసే, తలుపు తియ్యి. మూతెడుకే అంత మంట లేచింది. ఇక్కడ టాంకీడు ఉంది, పళ్ళెం నీ సేతిలో ఉంది. ఆ పిల్ల ఆర్పింది హారతి కాదే, నీ సితి" అన్నారు.

చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. అత్తయ్యగారు నా దగ్గరికి వచ్చి, నా చెయ్యి తిప్పి చూసి, బొబ్బ చుట్టూ వేలితో తడిమారు. "నాకు సెప్పొచ్చు గదే, పిచ్చిదానా" అన్నారు. ఆ ఇంట్లో నన్ను 'అమ్మా' అనకుండా 'పిచ్చిదానా' అని చనువుగా పిలవడం అదే మొదలు. ఆ రాత్రి నుంచి కట్టు విప్పేదాకా నాకు మామిడికాయ పప్పన్నం ముద్దలు చేసి ఆవిడే నోట్లో పెట్టారు. కట్టు విప్పిన రోజున కారును వీధిలోకి తోయించి, గేటు బయట దూరంగా నిలబడి, పళ్ళెం నా చేతికిచ్చారు. నాకు తెలిసింది కొవ్వొత్తులే, హారతి ఎటు నుంచి ఎటు తిప్పాలో తెలియక అపసవ్యంగా తిప్పాను. ఆవిడ నా మణికట్టు పట్టుకుని సరిగ్గా తిప్పించారు.

ఇప్పుడు ఆ కారూ లేదు, వాళ్ళిద్దరూ లేరు. ఆదివారం చర్చికి వెళ్తాను, రోజూ పొద్దున్నే ఆవిడ దీపం వెలిగిస్తాను. మొన్న మెకానిక్ వెళ్ళిపోయి, వాసనంతా పోయిందని మూడుసార్లు చూసుకున్నాక ఆ దీపాన్ని మళ్ళీ వెలిగించాను. అరచేతిలో మచ్చ ఎప్పుడో చర్మంలో కలిసిపోయింది, వెతికినా కనిపించదు. కానీ ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ మణికట్టు మీద ఆవిడ పట్టు ఎక్కడుండేదో నేను వేలు పెట్టి చూపించగలను.