కుర్చీలల్లే ఆయన నిద్ర

పేము కుర్చీలు అల్లడంలో ఆయనది అందెవేసిన చెయ్యి. ప్రమాదంలో రెండు కళ్ళూ పూర్తిగా పోయినా వేళ్ళు పని మరిచిపోలేదు. చిక్కల్లా నిద్రతోనే వచ్చింది. కొన్నాళ్ళు పొద్దున్నే లేచి అందరికన్నా ముందు పనిలో కూర్చునేవాడు. మరికొన్నాళ్ళకు మిట్టమధ్యాహ్నం, చేతిలో పేము బద్ద ఉండగానే గుర్రు పెట్టేవాడు. దుకాణంలో అంతా కుంభకర్ణుడని పిలవడం మొదలుపెట్టారు. పేర్లు పెట్టడానికి మనవాళ్ళకు ఖర్చేముంది!

దుకాణం ఆయన భార్యకు అన్నగారిది. ఎన్నాళ్ళని ఓర్చుకుంటాడు?

"బావా, కళ్ళు పోవడం నీ తప్పు కాదు. ఈ బద్ధకం మాత్రం నీదే. సోమవారం నుంచి నీ చోట్లో ఇంకొకర్ని పెట్టుకుంటున్నా" అని మొహమాటం లేకుండా చెప్పేశాడు.

ఆయన సరేనని తలూపాడు. తాను సోమరినేనని ఆయనా నమ్మేశాడు మరి.

నమ్మనిది భార్య ఒక్కతే. భర్తనీ అన్ననీ వెంటేసుకుని డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళింది.

"ఈయన నిద్ర ఒకచోట నిలవదమ్మా. రోజూ కాస్త కాస్త ఆలస్యమవుతూ పోయి, పగలంతా చుట్టి, మళ్ళీ రాత్రికే వచ్చి చేరుతుంది" అంది.

డాక్టరమ్మ కుర్చీ ముందుకు జరుపుకుంది.

"మన తలలో ఒక గడియారం ఉందండీ. చాలామందిలో అది కాస్త నెమ్మదిగా నడుస్తుంది. రోజూ కంట్లో వెలుగు పడుతుంటే సర్దుకుంటుంది. ఈయన కంటికి వెలుగు అందదు. అందుకే అది తన లెక్కన తాను తిరుగుతోంది. మందుంది, వాడి చూద్దాం."

"అంటే, నాకేమీ కనబడకపోయినా అది ఆగలేదా అమ్మా?" అన్నాడాయన.

"ఆగదు. తలలోనే కాదు, మీ కాలేయంలో, చర్మంలో, ఒళ్ళంతా చిన్న చిన్న గడియారాలే. మొక్కకూ ఉంది, ఈగకూ ఉంది. చీకటి గదిలో పెట్టినా కొన్ని మొక్కలు తెల్లారే వేళకు ఆకులు విప్పుతాయి."

ఆయనకు ఒళ్ళు గగుర్పొడిచింది. కళ్ళతో పాటే పగలూ రాత్రీ తనకు లేకుండా పోయాయనుకున్నాడు. ఎవరూ కీ ఇవ్వకుండానే తన ఒంట్లో రోజూ ఒక పొద్దు పుడుతోంది, ఒక పొద్దు వాలుతోంది! ఇంత గొప్ప సంగతి లోపల జరుగుతుంటే తనకు తెలియనే లేదు. రెండు చేతులూ గుండెమీద పెట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు.

భార్య అన్నగారు గొంతు సవరించుకున్నాడు. "సోమవారం ఎవరూ రారులే బావా. నీకు మెలకువ ఎప్పుడుంటే అప్పుడే అల్లు."

ఆయన ఆ మాట విన్నాడో లేదో. తడుముకుని భార్య చెయ్యి పట్టుకున్నాడు.

"విన్నావుటే? నేను సోమరిని కాదట" అంటూ అందరి ముందూ ఏడ్చేశాడు.