తమ్ముని విమానానికి తోకతీగ

మా తమ్ముడు అనంతగిరి గుట్ట మీద టీబీ దవాఖానల ఉన్నన్ని దినాలు, నేను ప్రతి ఐతారం తాండూరుల బండెక్కి వికారాబాద్‌ల దిగి, టాంగ కట్టించుకొని గుట్ట ఎక్కేదాన్ని. తిరిగొచ్చినంక మా అత్త నన్ను ఇంట్లకు రానిచ్చేది కాదు. పెరట్లనే తలమీదికెళ్లి నీళ్లు పోసుకోవాలె, కట్టుకున్న చీర ఉడకబెట్టాలె. నీళ్లు పోసుకుంటే ఆ రోగం పోయేటట్టుంటే వాణ్ని గూడ బాయికాడికే తెస్త గదా అత్తా అని ఒకపారి అన్న. నా నోరు గసొంటిది. ఆమె మస్తు దినాలు నాతోని మాట్లాడలె.

వాడు పట్నంల కాలేజీల చదివేటప్పుడు చిన్న విమానాలు చేసుడు నేర్చుకున్నడు. ఎప్పటికన్న పెద్ద విమానం నడపాల్నని వాని పానమంత దాని మీదనే ఉండె. రోగం తగిలినంక ఆ ముచ్చట ఇంట్ల ఎవ్వలం ఎత్తలేదు. ఒక్క సగం చేసిన విమానాన్ని మాత్రం పెట్టెల పెట్టుకొని దవాఖానకు తెచ్చుకున్నడు. దానికి ఇంజన్ లేదు. ఇంజన్ బరువుకు బదులు ముక్కుల సీసం ముక్క పెట్టిండు.

బుధవారం వానికి రోగమున్న ఊపిరితిత్తిని అణచెతందుకు కుడి పక్కటెముకలు తీసే ఆపరేషన్ ఉండె. దాని ముందటి ఐతారం నేను పోతే వరండాల మంచం మీద ఎల్లెలకల పండుకొని ఉన్నడు. ఆ రోగానికి గాలి మంచిదని అందరినీ వరండాలనే పండబెడుతుండిరి. లేవొద్దు, చేతులు పైకెత్తొద్దు అని డాక్టర్ గట్టిగ చెప్పిండు.

"అక్కా, ఆపరేషన్ అయినంక ఈ కుడిచెయ్యి లేస్తదో లేదో. అంతల్నే ఈ విమానాన్ని ఒక్కసారన్న నా చేత్తోని నడపాలె" అన్నడు.

ఏమంట? సరే అన్న.

వాడు చెప్పాలె, నేను చెయ్యాలె. నడిపేటోని చేతుల ఒక పిడి ఉంటది. పిడికి రెండు సన్న తీగలు. అవి రెక్కలకెళ్లి పోయి, విమానం కడుపుల తిరిగే మూడు మూలల రేకుకు తగుల్తయి. ఆ రేకు నుంచి తోక దాకా ఒక కడ్డీ. పిడిని పైకి వంచితే తోక రెక్క లేవాలె, కిందికి వంచితే దిగాలె. వినెతందుకు ఇంతే. చేస్తుంటే తెలిసింది నా తాత దిగొచ్చినా వశం గాదని. తోక రెక్కను తోకకు రవికె అంచు కుట్టినట్టు వాని పెట్టెల ఉన్న దారంతోని కుట్టిన, అదొక్కటి నాకొచ్చిన పని. కడ్డీకి బదులు ఆ పెట్టెల్నే దొరికిన ఇనుప తీగ బిగించిన. కిందికి వంచితే రెక్క బుద్ధిగ దిగింది. పైకి వంచితే తీగ నడుమ విల్లు లెక్క వంగింది గని రెక్క కదల్లే.

మళ్ల ఊడదీసిన, మళ్ల బిగించిన. అదే వంకర. వాడు ఉండబట్టలేక "ఇటియ్యి" అని చెయ్యి లేపిండు. నర్సమ్మ అవుతలికెళ్లి చూసింది. చెయ్యి మెల్లగ దించుకున్నడు. ఆ చెయ్యి దించుకునుడు చూసి నాకు దుఃఖం ఆగలె. ముక్కు చీదుకొని, నీ చేతులు పైకి లేవయి, నాకు తెలివి లేదు, మంచి జోడే కుదిరిందిరా అని వాణ్నే తిట్టిన. వాడు నవ్వి, తీగకు ఆసరా కావాలె అక్కా, ఏదన్న పుల్ల కట్టు అన్నడు. మంచం మీది విసనకర్ర కామ చీల్చి తీగ పొడుగూత దారంతోని కట్టిన. అప్పుడు లేచింది తోక.

వాడు పిడి పట్టుకున్నడు. నేను తీగలు సాగే దాకా వాకిట్లకు పోయి, విమానాన్ని తల మీదికెత్తి పట్టుకొని ఉరికిన. చీర కుచ్చిళ్లు దోపుకొని, ఈ కొసకెళ్లి ఆ కొసకు, మళ్ల ఇటు. వాని మణికట్టు కదిలినప్పుడల్ల నా చేతుల తోక కదులుతున్నది. తోక లేస్తే నేను విమానాన్ని పైకెత్తుతున్న, దిగితే దించుతున్న. మంచాల మీదోళ్లంత చూస్తున్నరు. సిగ్గేం అనిపియ్యలె.

"అక్కా, వదులు."

ఇంజన్ లేకుంటే పడతదిరా, పలుగుతది అన్న.

"పడనీ. జర వదులు."

ఉరుకుతనే వదిలిన. పడబోయేది, వాడు పిడి వంచంగనే ముక్కెత్తింది. వాకిలి మీద నాలుగు బారలు దానంతటదే పోయింది, ఎవ్వల చేతుల లేదు. తర్వాత ముక్కు నేలకు కొట్టుకొని పలిగింది. వాడు నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నడు. నర్సమ్మ ఇద్దర్నీ కోపం చేసింది. చూడొచ్చినోళ్లు పోవాలని గంట కొట్టిండ్రు. నేను ఇంటిబాట పట్టిన.

బుధవారం ఆపరేషన్ నడుమనే గుండె ఆగింది. డాక్టర్లు చెయ్యాల్సిందంత చేసిండ్రట. రోగి వాడినయన్నీ అక్కడనే కాలబెట్టుడు పద్ధతి. బట్టలతోని పాటు విమానం గూడ పోయింది.

నర్సమ్మ నా పక్కన కూసొని చెప్పింది. మంగళారం పొద్దుగాల వాడు సరేసు బంక ఉన్నదా అని అడిగిండట, విమానం ముక్కు అతికించుకోవాలె అన్నడట. ఆపరేషన్ కానీ తమ్మీ, తెప్పిస్త అన్నదట. వాడు మంచిదన్నడట.