కాలర్ కింద మూడు ముడులు

మిర్యాలగూడ రైస్ మిల్లుల హమాలీలకు నలభై ఏండ్ల సంది ఖాకీ కోట్లు కుడుతున్న సాంసన్ దేన్నీ నమ్మడు. కొత్త బట్ట వస్తే పోగు కాల్చి వాసన చూస్తడు. మొన్న మిల్లు ఓనరు మనవడు నిఖిల్ రెండు కోట్లు తెచ్చి బల్ల మీద పరిచిండు.

“ఇది సూర్యాపేట షోరూంల కొన్న పాతకాలం మోడల్. ఇది మా తాతది, ఒరిజినల్. ఇది తొడుక్కొనే బస్తాలు మోసి మిల్లు కట్టిండు. ఆఫీసుల అద్దాల పెట్టెల పెడుతున్నం. రెంటికీ తేడా చెప్పు తాతా.”

సాంసన్ కొత్తదాన్ని ఎగాదిగా చూసిండు. “రెండు భుజాలు ఒక్కతీరుగ వెలిసినయ్. బస్తా రెండు భుజాల మీద మోస్తరా? అతుకు కింద చిరుగే లేదు. ఉత్త వేషం.”

నిఖిల్ నవ్విండు. సాంసన్ పాతదాని కాలర్ తిప్పిండు. చదువు రాని హమాలీలు ఎవరి కోటు వాళ్లు గుర్తుపట్టాలని ఆయన అక్కడ రంగుదారం ముడులేసేటోడు. మూడు ఎర్ర ముడులున్నయ్.

“ఇది హమాలీ బిక్షం కోటు. కుడి భుజం ఎట్ల అరిగిందో సూడు. మీ తాతకు నేనెన్నడూ కోటు కుట్టలే.”

నిఖిల్ ఓసారి బయటికి చూసి గొంతు తగ్గించిండు. “పోనీ, ఆ ముడులు విప్పరాదా?”

సాంసన్ కత్తెర సొరుగుల పెట్టి తాళమేసిండు.