పసుపు వేలిముద్ర

మా కోడలు వండుతున్న చింతచిగురు పప్పు వాసన రాగానే అమ్మ వంటల పుస్తకం తెరిచాను. అమ్మ కోదాడ నుంచి సూర్యాపేటకు కాపురానికొస్తూ తెచ్చుకున్నదది.

నేను మూడో తరగతిలో ఉండగా చింతచిగురు పేజీ మీద పసుపు మరక కనిపించింది. చదువురాని నాయనమ్మ కావాలనే పాడుచేసిందనుకుని, రబ్బరుతో గట్టిగా రుద్దాను. కాగితం చిరిగింది.

అమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. “అది మరక కాదే. నా వంట నచ్చిందని మీ నాయనమ్మ మొదటిసారి వేసిన ముద్ర.”

నాయనమ్మ నవ్వింది. “ఏడ్వకు బిడ్డా. వచ్చే ఎండకాలం మళ్ల వండు, మళ్ల ఏస్త.”

ఆ చిరుగు చుట్టూ ఇప్పుడు తొమ్మిది పసుపు వేలిముద్రలున్నాయి.

కోడలు పెట్టిన పప్పు రుచి చూశాను. లేచి పసుపు డబ్బా మూత తీశాను.