జోగయ్యకు ముప్పై ఎనిమిది మార్కులు

జోగయ్య నా పరీక్షలో నలభైకి ముప్పై ఎనిమిది తెచ్చుకున్నాడు. నా ఉద్యోగంలో నన్ను అంత మురిపించిన మార్కులు లేవు, అంత ఏడిపించినవీ లేవు.

నేను విజయనగరం దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. నా పరిశోధన రొద మీద. ఈల వేస్తే వచ్చేది ఒకే స్వరం, దాన్ని అడ్డుకోవడం తేలిక. గోనె మిల్లులో మగ్గాల షెడ్డు సంగతి వేరు. బొంగురు నుంచి కీచు దాకా అన్ని స్వరాలూ కలిసి ఒక్కసారే మీద పడతాయి, రేకుల కప్పు మీద తెరిపి లేని వానలా. మా శాస్త్రంలో దాన్ని బ్రాడ్‌బ్యాండ్ నాయిస్ అంటారు. మనిషి గొంతు ఎంత పెంచినా అందులో మునిగిపోవలసిందే.

అలాంటి షెడ్డులో జోగయ్య ఇరవై ఆరేళ్లు మగ్గం నడిపాడు. మిల్లు పేరు రాయను. ఆయనది శృంగవరపుకోట వైపు పల్లె. ఎకరంన్నర మెట్ట, వాన పడితే నాలుగు చోళ్లు, అదే రాగులు, పండేవి. అవి చాలక మిల్లుకొచ్చాడు. ఎవరితో మాట్లాడినా ఎదురుగా నిలబడి, కాస్త వంగి, ముఖంలోకి చూస్తూ వినేవాడు. నేను పెద్ద మేడమ్‌ని కదా, గౌరవం కాబోలనుకుని తెగ సంబరపడ్డాను.

షెడ్డులో ఎవరూ అరవరు. పోగును మోసే నాడె అటూ ఇటూ ఎగురుతుంటే ఈ మగ్గం దగ్గరున్న మనిషి నాలుగు మగ్గాల అవతలి మనిషితో గొంతు లేకుండా, పెదవులతోనే మాట్లాడతాడు. ఏం కూర తెచ్చావని అడుగుతాడు, జవాబుకి నవ్వుతాడు. ఇదంతా కళ్లారా చూశాను. చూసి, నోటు పుస్తకంలో ‘కార్మికుల మధ్య స్నేహం బాగుంది’ అని రాసుకున్నాను. నా చదువు అలా ఏడిసింది.

2018లో మిల్లువాళ్లు ఒక మాటిచ్చారు. చెవులు పాడవుతున్నాయని నేను తేల్చితే అందరికీ చెవి మూతలు కొంటారు, షెడ్డు గోడలకు రొదను పీల్చే పలకలు కొట్టిస్తారు. ఇరవై ఇద్దరిని కాలేజీకి పిలిపించాను. సన్నని కూతలు వినిపించి చెవిని కొలిచే యంత్రం మరమ్మతుకు వెళ్లింది, తర్వాత చూద్దాంలే అనుకున్నాను. అద్దం కిటికీ ఉన్న చిన్న గదిలో ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి, షెడ్డు రొదలాంటి రొదలో నలభై మాటలు వినిపించాలి. వాళ్లు తిరిగి చెప్పాలి.

మాటలు రికార్డు చేసినవి. తీరా పెడితే జోగయ్య మొహం చిట్లించాడు.

“ఏటమ్మా ఈ రేడియో మాటలు? మన మనిసి సెప్తే ఇనపడతాది గానీ. మీరే సెప్పండి.”

నిజమే, వీళ్లకు వీళ్ల యాసే వినిపించాలి అనుకున్నాను. నేనూ ఈ గడ్డ మీద పుట్టినదాన్నేగా! రికార్డు ఆపి, అద్దం ఇవతల మైకు ముందు కూర్చుని, నలభై మాటలూ నేనే చెప్పాను. తక్కిన వాళ్లందరికీ అలాగే చెప్పాను. నా మంచితనాన్ని నేనే మెచ్చుకున్నాను.

జోగయ్య రెండే తప్పాడు. ‘పాట’ అంటే ‘మాట’ అన్నాడు, ‘పేడ’ అంటే ‘మేడ’ అన్నాడు. చెవి అలా తప్పదు. పకారాన్నీ మకారాన్నీ ఒకటనుకునేది కన్ను. రెండింటికీ పెదవులు ఒకేలా మూసుకుంటాయి. ఆ సంగతి తరగతిలో పిల్లలకు చెప్పేదాన్ని కూడా. ఆ రోజు మాత్రం ఆ ముప్పై ఎనిమిదీ, తక్కిన వాళ్లకు ఇంచుమించు అంతే రావడమూ చూసి గంతులేశాను. ఏళ్ల తరబడి రొదలో పనిచేసిన చెవి మాటను ఏరుకోవడం నేర్చుకుంటుందని వ్యాసం రాశాను. అచ్చయింది. మిల్లువాళ్లు ఒక కాపీ అడిగి తీసుకున్నారు. మూతలూ లేవు, పలకలూ లేవు.

కరోనా రెండో ఏడాది మిల్లు గేటు దగ్గర జోగయ్య కనబడ్డాడు. నా మూతికి మాస్కు ఉంది. బాగున్నారా అన్నాను. చూస్తూ నిలబడ్డాడు. గట్టిగా మళ్లీ అడిగాను. ఆయన సిగ్గుగా నవ్వి, “మూతికి గుడ్డ తియ్యండమ్మా, ఇనపడదు” అన్నాడు.



మర్నాడే కాలేజీకి రప్పించాను. ఈసారి అద్దానికి వీపు పెట్టి కూర్చోమన్నాను. నలభైకి ఐదు వచ్చాయి. ఆయన ఎదుటికి వెళ్లి, మాస్కు దించి చెప్పాను.

“తప్పు నాది, జోగయ్య గారూ. అప్పుడు మీరు నా నోరు చూసి చెప్పారు. నేను కనిపెట్టలేకపోయాను.”

“నోరు సూడకుండా ఎలాగమ్మా ఇనడం?” అన్నాడు. ఆ మాటలో మోసం లేదు. మళ్లీ ఆయనే అడిగాడు. “అయితే నాను పాసవలేదా? మేడమ్ గారు సూసీసినారు, ఆ షెడ్డులో సెవులకేటీ అవదని, మా దేవిని కూడా అక్కడే ఎట్టీసినాను. రెండేళ్లయిపోనాది.”

దేవి ఆయన ఒక్కగానొక్క కూతురు. ఇరవై మూడేళ్లు. బట్టల కొట్టులో పని దొరికితే మాన్పించి, మగ్గం పని నేర్పించాడట.

నేను సవరణ రాశాను. పత్రిక చివరి పేజీలో ఒక మూల వేశారు. మిల్లువాళ్లు మాత్రం ఇప్పటికీ నా మొదటి వ్యాసాన్నే చూపిస్తారు. నా మాటకు నా మాటే అడ్డు. ఎవరిని తిట్టను?

ఆ ఆదివారం జోగయ్య దేవిని వెంటబెట్టుకొచ్చాడు. ఆయన్ను అద్దం అవతల బెంచీ మీద కూర్చోమని, ఆమెను గోడ వైపు తిప్పి కూర్చోబెట్టాను. పక్కనే అద్దం వైపు తిరిగి కూర్చుని, మాస్కు దించి, మైకులో నలభై మాటలూ చెప్పాను. మొదట చకచకా అంది. తర్వాత తడుముకుంది. చివర్లో ఊరికే తల అడ్డంగా ఊపింది. అయిపోయాక హెడ్‌ఫోన్లు తీసి, నవ్వుతూ నా వైపు తిరిగింది.

“ఎన్నొచ్చినాయి, మేడమ్?”

కాగితం బోర్లించి, చిన్నగా, “ఇరవై ఆరమ్మా” అన్నాను.

అద్దం మందం. అవతలికి చప్పుడు పోదు. జోగయ్య రెండు చేతులతో తల పట్టుకున్నాడు.