హారతి చివరి చరణం

మా అత్తయ్య పోయిందన్న కబురు ఆఫీసుకు ఫోన్లో వచ్చింది. ఊరి చివరి బొమ్మసంద్ర నుంచి ఇల్లు చేరేసరికి ఆమెను హాల్లో పడుకోబెట్టారు. వేళ్ల చివర గోధుమరంగు మరకలు అలాగే ఉన్నాయి. ఫిల్ము కడిగే మందు మరకలవి, ఎంత తోమినా పోయేవి కావు. వాటిని చూశాకే నాకు ఏడుపొచ్చింది.

నగర్తపేటలో ఆడవాళ్లకు ఫొటోలు తీసే చిన్న స్టూడియో ఆమెది. తొంభైల చివర్లో మూసేశాక మా స్నానాల గదే డార్క్‌రూమైంది. నలుపు తెలుపు రోలు కడిగేటప్పుడు గడియారం చూసేది కాదు. వాళ్లమ్మ నేర్పిన హారతి పాట పాడుతూ డబ్బా తిప్పేది. పాట ముగిస్తే ఫిల్ము తయారైనట్టు. కొత్త కోడలిని, నేను తలుపు బయట బకెట్ కోసం కాచుకుని ఉండేదాన్ని తప్ప పాట పట్టించుకునేదాన్ని కాదు.

తర్వాత కొన్నేళ్లకు స్కానర్ కొన్నాను. మొదట పెట్టింది ఆమె అక్క, మా పెద్దత్తయ్య ఫొటో. తెర మీద పెద్దావిడ తెల్లజుట్టు సున్నం కొట్టినట్టు వచ్చింది. నెగటివు మరీ దట్టంగా ఉంది, మందులోంచి కాస్త ముందే తీస్తే స్కానర్‌కు వెంట్రుకలు అందుతాయని చెప్పాను.

"హారతి మధ్యలో నిలిపేదానికి అవుతుందా అమ్మణ్ణీ?" అంది.

పోనీ అని, కలర్ ల్యాబులో కడిగించుకునే నలుపు తెలుపు రోలు తెచ్చాను. దాని మీది దుమ్ము మచ్చల్ని స్కానరే తుడిచేస్తుంది. "వాళ్ల మిషను కడిగేదానికి నేనెందుకు?" అని పక్కన పడేసింది. మొండిఘటం. పెద్దది చేసినా బొమ్మ ఇసక చల్లినట్టు ఉండకూడదని, రేణువు సన్నంగా ఉండే, వేగం తక్కువ రోలు తనే ఏరి తెచ్చుకుంది.

ఒక ఆదివారం పాట చివరి చరణం ముందు ఆగింది. మందు వంపిన చప్పుడు, కొళాయి తిప్పిన చప్పుడు. ఆ హోరులో మళ్లీ ఆమె గొంతు, మాటలు మాత్రం అందలేదు. బయటికొచ్చి, "నిలపలేదు, నీళ్లల్లో ముగిస్తిని" అంది దొంగనవ్వుతో. ఈసారి పెద్దత్తయ్య జుట్టు పాయపాయగా కనబడింది. "మా అక్క ఉండాది చూడు, అచ్చంగా!" అని తెరను వేలితో తడిమింది. ఆ వేలి ముద్రను చాలా రోజులు తుడవలేదు నేను.

పదకొండో రోజు అయ్యాక అత్తయ్య కెమెరాను, లోపలి రోలుతో సహా, పెద్దత్తయ్య తెచ్చి నా చేతిలో పెట్టింది. "దీంట్లో నేనూ అదీ కలిసి ఉండాము. ఇంకెందులోనూ లేము. ల్యాబుకు ఇయ్యద్దు, నువ్వే కడుగు" అంది.

చీకట్లో ఫిల్ము ఎక్కించడం అత్తయ్యే నేర్పింది. పాట ఎవరూ నేర్పలేదు, తలుపు బయట వినీవినీ వచ్చింది. పాడుతూ డబ్బా తిప్పాను. చివరి చరణం ముందు ఆగి, మందు వంపేసి, కొళాయి తిప్పాను. ఆ చరణం నాకు రాదు. నేను పాట చెవిన పెట్టడం మొదలైన ఆ ఆదివారం నుంచీ దాన్ని నీళ్ల హోరే మింగేసింది.

తలుపు అవతల నుంచి పెద్దత్తయ్య ఆ చరణం అందుకుంది. నేను కొళాయి కట్టేశాను.